న్యాక్, ఎన్‌బీఏ, ఎన్‌ఐఆర్‌ఎఫ్: కాలేజీ ఎంచుకునేవారికి ఏది ఎంతవరకు ఉపయోగం?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలయ్యే వేళకు రావులపాలెం నుంచి భీమవరం దాకా ఏ కూడలిలో చూసినా కాలేజీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. వాటి మీద ఫొటోలు మారినా పెద్ద అక్షరాలలో ఉండే సంగతులు మాత్రం మూడే: న్యాక్ అనే సంస్థ కాలేజీకి ఇచ్చిన గ్రేడు, ఎన్‌బీఏ అనే సంస్థ కోర్సులకు ఇచ్చిన గుర్తింపు, ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే ర్యాంకుల జాబితాలో చోటు. ఈ మూడూ కేంద్ర ప్రభుత్వ పరిధిలో నడిచే వ్యవస్థలు. మూడింటికీ వెబ్‌సైట్లు ఉన్నాయి; వాటిని చూడడానికి విద్యార్థి రూపాయి కూడా కట్టనక్కరలేదు. కోనసీమలో ఇంటర్మీడియెట్ పాఠాలు చెప్పే వృత్తిలో ఉండి, వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో పిల్లలతో, వారి తల్లిదండ్రులతో కలిసి ఈ సైట్లను తరచుగా వాడుతున్నవాడిగా, వీటిని ఒక వినియోగదారుడి వైపు నుంచి సమీక్షిస్తున్నాను.

“మాస్టారండీ, ఏ ప్లస్ అని బోర్డు కట్టారు కదండీ, ఇంక చూసేదేముందండీ?” అని అడిగే తండ్రికి నిజానికి కావలసింది గ్రేడు కాదు. తన కూతురు ఆ కాలేజీలో చేరితే నాలుగేళ్ళలో పట్టా చేతికొస్తుందా, సబ్జెక్టులు మిగిలిపోతాయా, ఆ తరువాత ఎంత జీతం మీద ఎక్కడ కుదురుకుంటుంది అన్నదే ఆయన ప్రశ్న. కనుక ఈ సమీక్షలో కొలబద్ద కూడా అదే. భవనాలు, ల్యాబులు, పరిశోధన పత్రాలు ముఖ్యమైనవే అయినా, చేరిన విద్యార్థికి చివరికి ఏమైందో ఏ సేవ ఎంత స్పష్టంగా చెబుతుందన్న దానినిబట్టే వీటికి మార్కులు వేశాను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకును పక్కన పెట్టి, దానికోసం కాలేజీ సమర్పించిన సమాచార పత్రాన్ని చదవగలిగితే అంతకు మించిన ఉచిత సేవ మనకు లేదు. ఎన్‌బీఏది రెండో స్థానం. అందరూ మొదట అడిగే న్యాక్ గ్రేడు ఈ ఒక్క ప్రశ్న వరకు మూడో స్థానంలోనే నిలుస్తుంది.

న్యాక్ 1994లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఏర్పాటు చేసిన స్వయంప్రతిపత్తి సంస్థ. ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉంది. పాఠ్య ప్రణాళిక, బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థులకు అందే సహాయం, పాలన, విలువలు అనే ఏడు ప్రమాణాల మీద కాలేజీని పరిశీలించి, 4 పాయింట్ల కొలత మీద సగటు కట్టి గ్రేడు ఇస్తుంది. 3.51 నుంచి 4 వరకు వస్తే ఏ ప్లస్ ప్లస్, 3.26 నుంచి 3.50 వరకు ఏ ప్లస్, 3.01 నుంచి 3.25 వరకు ఏ. 1.50 దాటకపోతే గుర్తింపే ఉండదు. గ్రేడు సాధారణంగా ఐదేళ్ళు చెల్లుతుంది. 2017లో విధానాన్ని సవరించిన తరువాత అంచనాలో ఎక్కువ భాగం కాలేజీ ఆన్‌లైన్‌లో సమర్పించే అంకెల మీద నడుస్తోంది. ఆ అంకెలను వేరుగా సరిచూస్తారు, విద్యార్థుల సంతృప్తి తెలుసుకోవడానికి ఒక సర్వే కూడా చేస్తారు, నిపుణుల బృందం కూడా పరిశీలిస్తుంది.

ఈ సేవకు ఒక గుణం ఉంది, అది చిన్నదేమీ కాదు. బీఏ, బీకాం, బీఎస్సీ చెప్పే డిగ్రీ కాలేజీలను కొలిచే జాతీయ వ్యవస్థగా మన ప్రాంతంలో విస్తృతంగా వాడుకలో ఉన్నది ఇదే. రాజమహేంద్రవరంలో 1853లో బడిగా మొదలై కాలేజీగా ఎదిగిన ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ గాని, కాకినాడలో 1884 నాటి పిఠాపురం రాజా కాలేజీ గాని, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింద ఊరూరా నడుస్తున్న చిన్న డిగ్రీ కాలేజీలు గాని, బయటివారి ముందు తమ నాణ్యతను చూపించుకోవాలంటే ఈ గ్రేడే ఆధారం. పైగా కాలేజీ తయారుచేసిన స్వీయ అధ్యయన నివేదిక, బృందం రాసిన నివేదిక అందరికీ అందుబాటులో ఉంటాయి. బృందం నివేదిక చివర బలాలు, బలహీనతలు, అవకాశాలు, సవాళ్ళు అని ఒక పేజీ ఉంటుంది. అందులో బలహీనతల కింద రాసిన నాలుగు మాటలు గ్రేడు కంటే ఎక్కువ విషయం చెబుతాయి.

లోపం కొలతలోనే ఉంది. గ్రేడు కాలేజీ మొత్తానికి ఇస్తారు. ఏడు శాఖలున్న కాలేజీలో రెండు శాఖలు బాగా నడిచి ఐదు నీరసంగా ఉన్నా బోర్డు మీద కనిపించేది ఒకటే అక్షరం. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఉత్తీర్ణత లెక్కలో ఉంది. చివరి సంవత్సరం పరీక్ష రాసినవారిలో ఎంతమంది నెగ్గారన్నది ఆ సూచికకు ఆధారం. మొదటి ఏడాదిలోనే మానేసినవారు, రెండో ఏడాదిలో హాజరు చాలక ఆగిపోయినవారు, పెళ్ళి కుదిరి చదువు వదిలేసిన ఆడపిల్లలు, గల్ఫ్‌కి వెళ్ళిపోయిన మగపిల్లలు ఆ భాగహారంలో ఎక్కడా ఉండరు. వందమంది చేరి, అరవైమంది చివరి పరీక్షకు మిగిలి, వారిలో యాభై ఏడుగురు నెగ్గితే కాగితం మీద 95 శాతం వస్తుంది. చేరిన వందమంది తల్లిదండ్రులకు అది 57 శాతమే. భీమవరం ప్రాంతపు రొయ్యల రైతు ఎవరైనా చెరువులో ఎంత సీడ్ వేశాడో చెప్పకుండా పట్టుబడి గురించి మాత్రమే గొప్పగా మాట్లాడితే పక్క రైతు ఊరుకోడు, వేసింది ఎంత అని ముందు అడుగుతాడు. ఆ పాటి ప్రశ్న వేయడానికి కాలేజీల దగ్గర మనం ఎందుకు మొహమాటపడుతున్నామో నాకు అర్థం కాదు.

విశ్వసనీయత విషయం కూడా దాటవేయడానికి వీలులేదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు ఇవ్వడం కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణపై న్యాక్ తనిఖీ బృందం అధ్యక్షుడితో సహా పలువురిని సీబీఐ అరెస్టు చేసింది. తీర్పు న్యాయస్థానం చెప్పవలసినదే. అయితే ఆ వార్త వచ్చాక మా దగ్గరి తల్లిదండ్రులు గ్రేడు పేరు ఎత్తితే ఒక చిరునవ్వు నవ్వుతున్నారు, నిజాయితీగా గ్రేడు సంపాదించుకున్న చిన్న ప్రభుత్వ కాలేజీలకు కూడా ఆ నవ్వు తప్పడం లేదు. అంతకుముందే, ఇస్రో మాజీ అధ్యక్షుడు కె.రాధాకృష్ణన్ కమిటీ సిఫారసుల మేరకు గ్రేడ్ల స్థానంలో గుర్తింపు ఉందా లేదా అని మాత్రమే చెప్పే పద్ధతినీ, ఆపైన ఒకటి నుంచి ఐదు వరకు స్థాయిలను తెస్తామని న్యాక్ 2024 జనవరిలో ప్రకటించింది. ఉందా లేదా అన్న ఒక్క సమాధానం అవినీతికి చోటు తగ్గించవచ్చునేమో గాని, రెండు గుర్తింపు పొందిన కాలేజీల మధ్య తేల్చుకోలేక కూర్చున్న విద్యార్థికి అది ఏ విధంగానూ సాయపడదు.

ఎన్‌బీఏ దగ్గరకు వస్తే దృష్టి మారుతుంది. ఇది కూడా 1994లోనే, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ కింద ఏర్పడి, 2010లో స్వతంత్ర సంస్థ అయింది. ఇది కాలేజీకి కాదు, కోర్సుకు గుర్తింపు ఇస్తుంది. సివిల్‌కు ఉండవచ్చు, మెకానికల్‌కు లేకపోవచ్చు. “ఎన్‌బీఏ గుర్తింపు పొందిన కళాశాల” అని ఫ్లెక్సీ మీద కనిపిస్తే, ఏ శాఖకు, ఏ విద్యాసంవత్సరం వరకు అని ఎన్‌బీఏ సైటులో రాష్ట్రం పేరు, కాలేజీ పేరు ఎంచుకుని చూసుకోవడం రెండు నిమిషాల పని. ఇందులో నాకు కనిపించే అతి పెద్ద ఉపయోగం ఇదే. మూడు శాఖలకు వచ్చిన గుర్తింపును పది శాఖల మీద కప్పే అలవాటు చాలా కాలేజీల ప్రకటనల్లో ఉంది. గడువు తీరిపోయిన గుర్తింపును కూడా తీసేయకుండా ఉంచే బోర్డులు ఉన్నాయి.

కొలిచే పద్ధతిలోనూ ఎన్‌బీఏ మెరుగు. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచే కాలేజీల కోసం చాలాకాలంగా వాడుకలో ఉన్న నమూనాలో మొత్తం 1000 మార్కులకు 150 విద్యార్థుల ఫలితాలకు కేటాయించారు. అందులో భాగంగా ఒక బ్యాచ్‌లో మొదటి ఏడాది చేరినవారినీ, డిప్లొమా చదివి ఈసెట్ ద్వారా రెండో ఏడాదిలో చేరినవారినీ కలిపి, వారిలో ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేకుండా నిర్ణీత కాలంలో పూర్తి చేసినవారు ఎందరని అడుగుతారు. సప్లిమెంటరీలు రాసి గట్టెక్కినవారిని వేరుగా లెక్కిస్తారు. ఇంత నిక్కచ్చిగా అడిగే ప్రశ్న మరో చోట నాకు కనిపించలేదు. విచారకరమైన సంగతేమిటంటే, ఈ సమాధానాలున్న నివేదిక ఎన్‌బీఏ సైటులో విద్యార్థి చూసుకునే చోట ఉండదు. కొన్ని కాలేజీలు తమ సైటులో పెడతాయి, చాలా కాలేజీలు పెట్టవు. గుర్తింపు ఉందన్న ఫలితం మనకు, దాని వెనుక ఉన్న అంకెలు వారికి అన్నట్టుగా ఉంది వ్యవహారం.

మరొక పరిమితి మన పిల్లల ఎంపికలను నేరుగా తాకుతుంది. కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి బయటకు వెళ్తే తప్ప ఒక కోర్సు ఎన్‌బీఏ గుర్తింపుకు దరఖాస్తు చేసే అర్హత పొందదు. అమలాపురం, పాలకొల్లు, తణుకు ఏ ఊరి పిల్లవాడిని అడిగినా మొదటి ఆప్షన్‌గా చెప్పే ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, డేటా సైన్స్ శాఖలు చాలా కాలేజీలలో ఇటీవలి సంవత్సరాలలో తెరిచినవే. అంటే అందరూ ఎగబడుతున్న కోర్సుకే కొలత లేదు. ఎవరూ అడగని సివిల్‌కు మాత్రం నిండుగా గుర్తింపు ఉంటుంది. ఇది ఎన్‌బీఏ తప్పు కాదు. కాని ఫ్లెక్సీ చూసి ఆ గుర్తింపు తమ కోర్సుకే అనుకునే తల్లిదండ్రులకు ఆ తేడా ఎవరో ఒకరు చెప్పాలి.

విదేశాలకు పంపాలనుకునేవారికి ఇంకొక సంగతి. భారతదేశం 2014 జూన్‌లో వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. దీనివల్ల ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న ఇంజినీరింగ్ కోర్సును ఆ ఒప్పందంలోని ఇతర దేశాలు సమానంగా చూస్తాయని ప్రచారం చేస్తారు. ఆ సౌకర్యం స్వయంప్రతిపత్తి గల సంస్థలకు వర్తించే టైర్ 1 గుర్తింపు ఉన్న కోర్సులకే పరిమితం. అనుబంధ కాలేజీలకు ఇచ్చే టైర్ 2 గుర్తింపు చూపించి ఈ మాట చెబితే నమ్మవలసిన పని లేదు.

ఇక ఎన్‌ఐఆర్‌ఎఫ్. 2015 సెప్టెంబరులో కేంద్ర విద్యాశాఖ ప్రారంభించిన ఈ ర్యాంకుల వ్యవస్థ 2016 ఏప్రిల్‌లో మొదటి జాబితా విడుదల చేసింది. ఇంజినీరింగ్ కాలేజీలకు బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30 శాతం, పట్టభద్రుల ఫలితాలకు 20 శాతం, అందరికీ చోటు ఇవ్వడానికి 10 శాతం, పేరుప్రతిష్ఠలకు 10 శాతం చొప్పున బరువులు వేస్తారు. ఆ బరువులు చూడగానే సంగతి అర్థమవుతుంది: పరిశోధనకు ఇచ్చిన విలువ విద్యార్థి ఫలితానికి ఇవ్వలేదు. ఐఐటీల మధ్య పోలికకు అది తగినదే కావచ్చు. జేఎన్‌టీయూ కాకినాడ కింద, బోధనే ప్రధానంగా నడిచే డెల్టా కాలేజీలలో ఎక్కువ భాగం ఆ జాబితాలో కనిపించకపోవడానికి ఇదొక కారణం. ఇంజినీరింగ్‌లో మొదటి 100 సంస్థలకు ర్యాంకులు, ఆ తరువాతి వాటికి శ్రేణులు ఇస్తారు. మన పిల్లవాడి ర్యాంకుకు సీటు వచ్చే కాలేజీ చాలావరకు ఈ రెండింటిలోనూ ఉండదు కాబట్టి, ర్యాంకు కోసం ఆ సైటుకు వెళ్ళేవాడు ఉత్త చేతులతో తిరిగి వస్తాడు.

అయితే ర్యాంకు వచ్చినా రాకపోయినా, పోటీలో పాల్గొన్న కాలేజీ తాను సమర్పించిన సమాచారాన్ని తన సొంత సైటులో పెట్టాలన్న నిబంధన ఉంది. కాలేజీ సైటులో ఎక్కడో ఒక మూల ‘ఎన్‌ఐఆర్‌ఎఫ్’ అనే ట్యాబు ఉంటుంది, దాని కింద సంవత్సరాలవారీగా పీడీఎఫ్‌లు ఉంటాయి. అందులో ఉద్యోగాలు, పై చదువులు అనే పట్టికను తెరవాలి. ఆ పట్టికలో వరుసగా ఇవి ఉంటాయి: మొదటి ఏడాది మంజూరైన సీట్లు, వాటిలో చేరినవారు, రెండో ఏడాదిలో లేటరల్‌గా చేరినవారు, నిర్ణీత కాలంలో పూర్తి చేసినవారు, ఉద్యోగం వచ్చినవారు, వారి మధ్యస్థ వార్షిక జీతం, పై చదువులకు వెళ్ళినవారు. ఆ జీతాన్ని అంకెలలోనే కాక అక్షరాలలో కూడా రాయాలి, చెక్కు రాసినట్టు. తండ్రి అడిగిన ప్రశ్నకు సమాధానం ఈ ఒక్క వరుసలో ఉంది.

దీన్ని ఎలా చదవాలో ఒక ఊహాత్మకమైన ఉదాహరణతో చెబుతాను. ఒక కాలేజీలో మొదటి ఏడాది 600 మంది, లేటరల్‌గా 60 మంది చేరారనుకుందాం. మొత్తం 660. నాలుగేళ్ళకు పూర్తి చేసినవారు 460. ఉద్యోగాలు వచ్చినవారు 300, పై చదువులకు వెళ్ళినవారు 30. ఈ కాలేజీ ఫ్లెక్సీ మీద “94 శాతం ప్లేస్‌మెంట్స్” అని ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు, ఎందుకంటే కంపెనీల అర్హత మార్కులు దాటి ప్లేస్‌మెంట్ విభాగంలో పేరు నమోదు చేసుకున్నవారు 320 మందే అయితే 300ను 320తో భాగించి ఆ అంకె తెచ్చారన్నమాట. అబద్ధం కాదు, కాని మన అమ్మాయి ఆ 320లో ఉంటుందో లేదో చేరే రోజున ఎవరూ చెప్పలేరు. చేరే రోజున ఆమె 660 మందిలో ఒకతె. ఆ లెక్కన నిర్ణీత కాలంలో చదువు ముగించి, ఉద్యోగంలోనో పై చదువులోనో స్థిరపడే అవకాశం సరిగ్గా సగం. ఇదే పట్టిక నుంచి ప్రతి పదిమందిలో ముగ్గురు నాలుగేళ్ళలో బయటపడలేదని కూడా తెలుస్తుంది. నా దృష్టిలో జీతం కంటే ముందు చూడవలసినది ఈ ముగ్గురి సంగతే, ఎందుకంటే పట్టా చేతికి రాని పిల్లవాడికి మిగతా అంకెలేవీ వర్తించవు.

మధ్యస్థ జీతం గురించి ఒక మాట. ఉద్యోగం వచ్చినవారిని జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచేవాడి జీతం అది. ఫ్లెక్సీ మీద నలభై లక్షల ప్యాకేజీతో నవ్వుతున్న ఒక కుర్రవాడి ఫొటో సగటును పైకి లాగగలదు గాని మధ్యస్థాన్ని కదిలించలేదు. అందుకే కాలేజీలు గరిష్ఠ ప్యాకేజీని బోర్డు మీద వేస్తాయి, మధ్యస్థాన్ని పీడీఎఫ్‌లో ఉంచుతాయి. ఇది కూడా ఉద్యోగం రానివారిని వదిలేసి వేసిన లెక్కే అని మరువరాదు. వీలైతే మూడేళ్ళ పత్రాలు పక్కపక్కన పెట్టుకోవాలి: ఒక్క ఏడాది ఐటీ నియామకాలు తగ్గితే ఏ కాలేజీ అంకె అయినా పడుతుంది, కాని మూడేళ్ళూ పడుతూనే ఉంటే కారణం కాలేజీలోనే వెతకాలి.

ఈ సేవలో నాకు నచ్చనిది, ఈ అంకెలన్నీ కాలేజీ తనంతట తాను చెప్పుకున్నవి కావడం. అభ్యంతరాలు చెప్పుకునే వీలు ఉన్నప్పటికీ, ఉద్యోగం వచ్చిందన్న ప్రతి పేరు వెనుకా నియామక పత్రం ఉందో లేదో, ఆ ఉద్యోగంలో పిల్లవాడు నిజంగా చేరాడో లేదో చూసే ఏర్పాటు సామాన్యుడి కంటికి కనిపించదు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చి ఏడాది గడిచినా పిలుపు రాని పిల్లలు మా ప్రాంతంలో ఉన్నారు. పట్టికలో వారు ఉద్యోగస్థులే. ఇంకొక చిక్కు ఉత్తీర్ణతది. అనుబంధ కాలేజీల పిల్లలు విశ్వవిద్యాలయం ఇచ్చిన ప్రశ్నపత్రం రాస్తారు. అటానమస్ కాలేజీ తన ప్రశ్నపత్రాన్ని తానే తయారుచేసుకుని తానే దిద్దుకుంటుంది. రెండింటి ఉత్తీర్ణతనూ ఒకే వరుసలో పెట్టి పోల్చడం న్యాయం కాదు, అయినా ఏ సైటూ ఆ తేడాను పాఠకుడికి గుర్తుచేయదు.

ఇంత సమాచారం ఉన్నా దానిమీద ఆధారపడి ఎవరూ ఏమీ చేయరన్నది నా అసలు ఫిర్యాదు. ఇంగ్లండులో 2018 నుంచి పనిచేస్తున్న ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ అనే నియంత్రణ సంస్థ ఈ పనిని మరోలా చేస్తోంది. పూర్తికాలపు మొదటి డిగ్రీ చదివేవారి విషయంలో మొదటి ఏడాది దాటి చదువు కొనసాగించేవారు 80 శాతం, చదువు పూర్తిచేసేవారు 75 శాతం, ఆ తరువాత తగిన ఉద్యోగంలోనో పై చదువులోనో ఉన్నవారు 60 శాతం ఉండాలని 2022లో కనీస హద్దులు పెట్టింది. చదువు ముగిసిన సుమారు 15 నెలల తరువాత ఒక జాతీయ సర్వే ద్వారా పట్టభద్రులనే నేరుగా అడిగి ఆ మూడో అంకె తెలుసుకుంటారు, కాలేజీ చెప్పినది రాసుకోరు. హద్దు కంటే తగ్గిన సంస్థను విచారించి, షరతులు పెట్టి, అవసరమైతే జరిమానా వేసే అధికారం ఆ నియంత్రణ సంస్థకు ఉంది. మన దగ్గర అనుమతుల తనిఖీ అంతా స్థలం, భవనం, ల్యాబులు, 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు అన్న నిష్పత్తి చుట్టూ తిరుగుతుంది. లోపలికి వెళ్ళే వస్తువులను లెక్కిస్తాము గాని బయటకు వచ్చే మనుషులకు కనీస హద్దు లేదు.

అలాంటి హద్దును ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి పెట్టమని నేను అడగడం లేదు. అంతర్వేది, ఓడలరేవు వైపు తీర గ్రామాల నుంచి ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లలను చేర్చుకునే కాలేజీని, మంచి ఈఏపీసెట్ ర్యాంకుల పిల్లలతో నిండే కాలేజీని ఒకే గీత కింద నిలబెడితే, మొదటి కాలేజీ గట్టెక్కే సులువైన దారి ఆ పిల్లలను చేర్చుకోకపోవడమే. ఇంగ్లండులో కూడా ఇదే విమర్శ వచ్చింది. అందుకే అక్కడ సంస్థ పరిస్థితులను, విద్యార్థుల నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకున్న తరువాతే నిర్ణయం చేస్తారు. అక్కడి లెక్కలో ఇంట్లో ఒకరిని సంరక్షిస్తూ ఉండిపోవడం కూడా మంచి ఫలితాల కిందికే వస్తుందని తెలిసి నేను కాసేపు ఆలోచనలో పడ్డాను. మన మహిళా డిగ్రీ కాలేజీల పట్టికల్లో ఉద్యోగం రాని అమ్మాయిలందరూ ఖాళీ గడులే. వారిలో డ్వాక్రా సంఘం లెక్కలు రాసేవారు, ఊళ్ళో ట్యూషన్లు చెప్పేవారు, భర్త గల్ఫ్‌లో ఉంటే పొలమూ పిల్లలనూ ఒంటిచేత్తో నడిపేవారు ఉన్నారు. రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌గా కుదిరిన ఆక్వాకల్చర్ డిగ్రీ కుర్రవాడికి నియామక పత్రం ఉండదు, జీతం మాత్రం ఉంటుంది. ఫలితం అంటే క్యాంపస్‌లో కంపెనీ ఇచ్చిన కాగితం ఒక్కటే అయితే, డెల్టాలో చాలామంది బతుకులు ఫలితం కిందికి రావు. అందుకే డిగ్రీ కాలేజీకి ఎన్‌ఐఆర్‌ఎఫ్ పట్టిక చదివేటప్పుడు జీతం కంటే, ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమంది పీజీకి లేదా బీఈడీకి వెళ్ళారన్న అంకెలకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

వాడుకలో సౌలభ్యం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మూడు సైట్లూ ఇంగ్లీషు తెలిసినవారి కోసం తయారైనవి. తెలుగులో ఒక్క వాక్యం ఉండదు. ఫోనులో పట్టికలు పక్కకు జరిగిపోతాయి. న్యాక్ నివేదికలు వందల పేజీలు. నెట్ సెంటరులో వెబ్ ఆప్షన్లు పెట్టించుకునే తండ్రి ఇవన్నీ తెరిచి చూస్తాడని ఆశించడం అత్యాశ. కౌన్సెలింగ్ సైటులో కాలేజీ కోడు, శాఖ, ఫీజు ఉంటాయి, గత ఏడాది చివరి ర్యాంకులు కూడా దొరుకుతాయి. చివరి ర్యాంకు చూసి అదే నాణ్యత అనుకోవడం మన ప్రాంతంలో స్థిరపడిపోయిన అలవాటు, కాని అది నిరుడు ఎంతమంది ఎగబడ్డారో చెప్పే అంకె మాత్రమే. ఫీజులు నిర్ణయించే కమిషన్ రాష్ట్రంలో 2019 నుంచి ఉంది. ఫీజు ప్రకటించే ఆ పట్టికలోనే చేరినవారు, పూర్తిచేసినవారు, మధ్యస్థ జీతం అనే మూడు నిలువు వరుసలు చేరిస్తే, ఫీజు రీయింబర్స్‌మెంటు కింద ప్రజాధనం ఎలాంటి ఫలితానికి వెళ్తోందో ప్రభుత్వానికీ తెలుస్తుంది, ఎక్కడ చేరాలో విద్యార్థికీ తెలుస్తుంది. కొత్త చట్టం, కొత్త సంస్థ ఏదీ అక్కరలేని పని ఇది.

విద్యార్థి ఫలితం తెలుసుకోవడం అన్న ఒక్క ఉపయోగానికే పరిమితమై ఐదుకు మార్కులు వేస్తే, న్యాక్ గ్రేడుకు ఒకటిన్నర, దాని బృందం నివేదికకు రెండున్నర ఇస్తాను. ఎన్‌బీఏకు మూడు, నివేదికను అందరి ముందు ఉంచితే నాలుగున్నర ఇవ్వడానికి సందేహించను. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుకు, మన కాలేజీల వరకు, ఒకటి. దాని సమాచార పత్రానికి నాలుగు.

కన్వీనర్ కోటాలో 70 శాతం సీట్లు పోగా మిగిలిన 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలో చేరేవారికి మాత్రం ఒక ప్రత్యేకమైన సూచన. పీఆర్వో ఇంటికి వచ్చి సీట్లు అయిపోతున్నాయని తొందర పెట్టినప్పుడు, అడ్వాన్సు కట్టే ముందు ఆ కాలేజీ తాజా ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రాన్ని, మీరు చేరబోయే శాఖకు ఎన్‌బీఏ గడువు ఎప్పటివరకో చూపించే కాగితాన్ని ప్రిన్సిపాల్ సంతకంతో ఇవ్వమని అడగండి. రెండూ ఎలాగూ బహిరంగంగా ఉండవలసినవే కాబట్టి సంతకం పెట్టడానికి వారికి అభ్యంతరం ఉండకూడదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో తాము పాల్గొనలేదని చెబితే, శాఖలవారీగా గత మూడు బ్యాచ్‌లలో చేరినవారి సంఖ్య, పూర్తిచేసినవారి సంఖ్య తెల్లకాగితం మీద రాసి ఇచ్చినా సరిపోతుంది. అది కూడా ఇవ్వని చోట అడ్వాన్సు కట్టవద్దు.